చేరామా, చేరలేదా: అమెరికా క్షిపణి కవచం ముందు కెనడా

2025 మే 27న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సోషల్ మీడియాలో కెనడాకు ఒక ధర చెప్పారు. తాను కట్టబోయే ‘గోల్డెన్ డోమ్’ క్షిపణి రక్షణ వ్యవస్థలోకి రావాలంటే 6,100 కోట్ల డాలర్లు ఇవ్వాలి, అమెరికాలో 51వ రాష్ట్రంగా కలిసిపోతే మాత్రం ఒక్క డాలరూ అక్కర్లేదు. నెల తిరక్కుండానే ఆ అంకె 7,100 కోట్లయింది. ఐక్యరాజ్యసమితిలో కెనడా రాయబారి బాబ్ రే ఇది గూండాలు రక్షణ పేరుతో వసూలు చేసే మామూలు లాంటిదన్న అర్థంలో మాట్లాడారు. ప్రధాని మార్క్ కార్నీ మాత్రం తలుపు మూయలేదు. తమ ప్రజలకు ఇలాంటి రక్షణ ఉండటం మంచిదేనని, అమెరికాతో సంప్రదింపులు నడుస్తున్నాయని చెప్పారు.

అప్పటి నుంచి కెనడాలో వాదన ధర చుట్టూ తిరుగుతోంది. ఎక్కువా, తక్కువా? చేరాలా, వద్దా? టొరంటోలోనో కాల్గరీలోనో స్థిరపడి అక్కడ పన్నులు కడుతున్న తెలుగువాళ్లకు కూడా ఇది సొంత ప్రశ్నే. కానీ వెనక్కి వెళ్లి చూస్తే, ఈ వ్యవహారంలో కెనడా ప్రజలు ఎన్నడూ నేరుగా ‘చేరాలా వద్దా’ అని తేల్చుకున్నది లేదు. వాళ్లు వీధుల్లో, టీవీల్లో వాదించుకుంటూ ఉండగానే, చేరడంలో కొంత భాగం వేరే కాగితాల మీద జరిగిపోయింది. నాకు బాధ కలిగించేదీ, ఈ వ్యాసంలో విడమరచి చెప్పాలనుకున్నదీ అదే.

ముందు యంత్రం సంగతి చూడాలి. అది అర్థం కాకపోతే రాజకీయం అర్థం కాదు.

ఖండాంతర క్షిపణి ప్రయాణం మొత్తం దాదాపు అరగంట. మొదటి మూడు నుంచి ఐదు నిమిషాలు రాకెట్ మండుతూ పైకి లేస్తుంది. ఆ మంట వేడిని అంతరిక్షంలోని పరారుణ ఉపగ్రహాలు పసిగడతాయి. తర్వాత ఇంధనం అయిపోయి, వార్‌హెడ్ విడిపోయి, గాలి లేని చోట ఇరవై నిమిషాల దాకా సాగిపోతుంది. ఆఖరి క్షణాల్లో మళ్లీ వాతావరణంలోకి దూసుకొచ్చి లక్ష్యం మీద పడుతుంది. అమెరికా నేల మీద ఇప్పటిదాకా మోహరించిన వ్యవస్థ దాన్ని ఆ మధ్య దశలో పట్టుకోవాలని చూస్తుంది. అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీ, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ స్థావరాల్లో కలిపి 44 ఇంటర్‌సెప్టర్లు భూగర్భంలో సిద్ధంగా ఉంటాయి. వాటి కొనలో పేలుడు పదార్థం ఉండదు. సెకనుకు కిలోమీటర్ల వేగంతో ఎదురెళ్లి ఢీకొట్టడమే వాటి పని.

అసలు చిక్కంతా ఆ మధ్య దశలోనే ఉంది. గాలి లేనప్పుడు బరువుకు, తేలికకు తేడా ఉండదు. వందల కిలోల వార్‌హెడ్, దాని పక్కన వదిలిన పల్చటి లోహపు పూత బెలూన్ ఒకే దారిలో, ఒకే వేగంతో పోతాయి. అసలుది ఏదో, ఉత్తుత్తిది ఏదో తేల్చడానికి ఇంటర్‌సెప్టర్‌కు దొరికే సమయం చాలా తక్కువ. ఎప్పుడొస్తుందో, ఏ దారిన వస్తుందో ముందే తెలిసిన లక్ష్యాల మీద చేసిన పరీక్షల్లో కూడా ఈ వ్యవస్థ నెగ్గింది సగానికి కాస్త పైన మాత్రమే. పైగా ఇది ఉత్తర కొరియా లాంటి దేశం వేసే కొద్దిపాటి క్షిపణుల కోసం కట్టినది. వేల వార్‌హెడ్లున్న రష్యాను ఆపడానికి కాదని వాషింగ్టనే ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది.

ఇక భూగోళం. గోడకు తగిలించిన పటంలో ఉత్తర కొరియా నుంచి న్యూయార్క్‌కు దారి పసిఫిక్ మహాసముద్రం మీదుగా కనిపిస్తుంది. గుండ్రటి భూగోళం మీద దారం పట్టి చూస్తే దగ్గరి దారి ఉత్తర ధ్రువం వైపు ఎక్కి, కెనడా ఉత్తర భాగం మీదుగా కిందికి దిగుతుంది. రష్యా నుంచి వచ్చేదీ ధ్రువం మీదుగానే. అంటే కెనడా చేరినా చేరకపోయినా, ఢీకొట్టడం జరిగితే ఆ దేశపు ఆకాశానికి ఎగువనో దరిదాపుల్లోనో జరుగుతుంది.

చూసేది ఇద్దరు, కొట్టేది ఒకరు

అమెరికా, కెనడాలకు ఉమ్మడి గగనతల రక్షణ కమాండ్ ఒకటుంది, దాని పేరు నోరాడ్. 1958 మే 12న ఒప్పందం కుదిరింది. కేంద్రం కొలరాడో స్ప్రింగ్స్. కమాండర్ అమెరికన్, డిప్యూటీ కమాండర్ కెనడియన్. ఈ పొత్తు పేరుకు మాత్రమే కాదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలిన ఉదయం, చెయెన్ పర్వతం లోపలి నోరాడ్ కేంద్రంలో బాధ్యతల్లో ఉన్నది రిక్ ఫిండ్లీ అనే కెనడా సైనికాధికారి. 2023 ఫిబ్రవరి 11న కెనడాలోని యూకాన్ ప్రాంతం మీద ఎగురుతున్న గుర్తుతెలియని వస్తువును కూల్చమని ఆదేశించింది అప్పటి కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో. కూల్చింది అమెరికా ఎఫ్-22 యుద్ధ విమానం. విమానాల విషయంలో రెండు దేశాల మధ్య అంత కలిసిపోయిన పని జరుగుతుంది.

బాలిస్టిక్ క్షిపణి దగ్గరికి వచ్చేసరికి గీత పడుతుంది. క్షిపణి లేచిందని, ఫలానా చోటికి వస్తోందని గుర్తించి హెచ్చరించే పని నోరాడ్‌ది. అందులో కెనడా సైనికులు కూర్చుంటారు. దాన్ని కొట్టాలా, ఎప్పుడు కొట్టాలి, ఎన్ని ఇంటర్‌సెప్టర్లు వదలాలి అన్నది అమెరికా ఉత్తర కమాండ్ చేతిలో ఉంటుంది. 2002లో పెట్టిన ఈ కమాండ్ పూర్తిగా అమెరికాది. రెండింటికీ అధిపతి ఒకే అమెరికన్ జనరల్. మన పొలాల్లో మంచె ఎక్కి పిట్టల గుంపును చూసి కేకేసేవాడు ఒకడు, ఒడిసెల పట్టుకున్నవాడు ఇంకొకడు అయినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. కేకేసిన వాడి చేను కాపాడాలని ఒడిసెల వాడికి రాతపూర్వక బాధ్యత ఏదీ లేదు.

ఇది నా ఊహ కాదు. 2017 సెప్టెంబరు 14న నోరాడ్ డిప్యూటీ కమాండర్, కెనడా లెఫ్టినెంట్ జనరల్ పియర్ సెంటమాన్, ఒట్టావాలో పార్లమెంటు రక్షణ కమిటీ ముందు ఇదే చెప్పారు. అప్పటికున్న అమెరికా విధానం ప్రకారం క్షిపణి దాడి నుంచి కెనడాను కాపాడే బాధ్యత అమెరికాకు లేదని. ఆ రోజుల్లో ఉత్తర కొరియా ఒకదాని తర్వాత ఒకటి దూరశ్రేణి క్షిపణులు పరీక్షిస్తోంది. అమెరికా ఎలాగూ కాపాడుతుందని తేలిగ్గా నమ్ముకున్న చాలామంది ఆ సాక్ష్యం విని ఉలిక్కిపడ్డారు. అయితే సైనిక వర్గాల్లో ఇది కొత్త విషయం కాదు. తెలియనిది జనానికే.

బోమార్క్ నేర్పినది

జనానికి చెప్పకుండా నిర్ణయాలు జరగడం ఈమధ్య మొదలైంది కాదు. ఇంకా వెనక్కి, 1959 ఫిబ్రవరి 20కి వెళ్లాలి. ఆ రోజు ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్ ప్రభుత్వం ‘ఏవ్రో ఏరో’ యుద్ధ విమానాన్ని రద్దు చేసింది. కెనడా ఇంజినీర్లు సొంతంగా తయారు చేసుకున్న గొప్ప విమానం అది. టొరంటో పక్కన మాల్టన్‌లోని కర్మాగారంలో వేలమంది ఉద్యోగాలు ఒక్కరోజులో పోయాయి. ఇవాళ మనవాళ్లు విమానం దిగే పియర్సన్ విమానాశ్రయం ఆ మాల్టన్‌ను ఆనుకునే ఉంది.

విమానం స్థానంలో అమెరికా నుంచి బోమార్క్ క్షిపణులు వచ్చాయి. శత్రు బాంబర్లను ఆకాశంలోనే కూల్చేవి. 56 క్షిపణులు, సగం ఒంటారియోలోని నార్త్ బేలో, సగం క్యూబెక్‌లోని లా మకాజాలో. అణు వార్‌హెడ్ పెడితేనే అవి పనికొస్తాయి. ఈ ఒక్క సంగతి మొదట్లో ప్రజలకు సూటిగా చెప్పలేదు. క్షిపణులు వచ్చి స్థావరాల్లో కూర్చున్నాయి, వార్‌హెడ్లు మాత్రం లేవు. డీఫెన్‌బేకర్ ఎటూ తేల్చుకోలేకపోయారు. 1963 జనవరి 3న నాటో దళాల అధిపతి పదవి నుంచి అప్పుడే దిగిపోయిన అమెరికన్ జనరల్ లారిస్ నోర్‌స్టాడ్ ఒట్టావాలో విలేకరులతో మాట్లాడుతూ, అణ్వస్త్రాలు తీసుకోకపోతే కెనడా మాట తప్పినట్టేనన్నారు. నెలాఖరున అమెరికా విదేశాంగ శాఖ ఏకంగా కెనడా ప్రధాని మాటలు తప్పని ప్రకటన ఇచ్చింది. రక్షణ మంత్రి డగ్లస్ హార్క్‌నెస్ రాజీనామా చేశారు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం పడిపోయింది. ఏప్రిల్‌లో గెలిచి వచ్చిన లెస్టర్ పియర్సన్ నోబెల్ శాంతి బహుమతి పొందిన మనిషి. ఆ ఏడాది చివరి రోజున వార్‌హెడ్లు వచ్చింది ఆయన హయాంలోనే. బోమార్క్‌లు 1972 నాటికి వెళ్లిపోయాయి. కెనడా దళాల కోసం ఉంచిన చివరి అమెరికా అణ్వస్త్రాలు ఆ నేల వదలడానికి 1984 దాకా పట్టింది.

ఈ కథను కొంచెం విస్తరంగా చెప్పడానికి కారణముంది. పొరుగు మిత్రదేశం ఆయుధ వ్యవస్థ విషయంలో షరతులు ముందే బయటపెట్టకపోతే ప్రభుత్వాలే కూలుతాయన్న భయం కెనడా రాజకీయుల్లో అప్పటి నుంచి నాటుకుపోయింది. ఆ భయం వాళ్లకు పారదర్శకత నేర్పి ఉంటే బాగుండేది. నేర్పింది మాత్రం ఎటూ గట్టిగా చెప్పకుండా గడపడం.

చూడండి: 1968లో నోరాడ్ ఒప్పందాన్ని పొడిగించినప్పుడు, దీనివల్ల క్షిపణి నిరోధక వ్యవస్థలో పాల్గొనే బాధ్యత కెనడాకు ఉండదని ఒక వాక్యం రాయించుకున్నారు. 1981లో ఆ వాక్యం మాయమైంది. 1983లో రేగన్ ‘స్టార్ వార్స్’ అని పేరుపడ్డ అంతరిక్ష రక్షణ పథకం ప్రకటించారు. 1985 సెప్టెంబరులో ప్రధాని బ్రయన్ మల్రోనీ, ప్రభుత్వపరంగా అందులో పాల్గొనబోమని, ప్రైవేటు కంపెనీలు కాంట్రాక్టులు తెచ్చుకుంటే అడ్డుచెప్పబోమని అన్నారు.

2005: వద్దన్నారు, కానీ దేనికి?

2001 డిసెంబరులో జార్జి బుష్ 1972 నాటి క్షిపణి నిరోధక ఒప్పందం నుంచి అమెరికా తప్పుకుంటుందని ప్రకటించారు. రెండు అగ్రరాజ్యాలూ రక్షణ కవచాలు కట్టుకోకుండా ఆపిన ఒప్పందమది. కవచం కట్టుకుంటే ఎదుటివాడు మరిన్ని క్షిపణులు చేస్తాడన్నది దాని వెనకున్న తర్కం. 2004 జులైలో ఫోర్ట్ గ్రీలీలో మొదటి ఇంటర్‌సెప్టర్ దింపారు.

కెనడాలో అప్పటికే సంప్రదింపులు మొదలయ్యాయి. 2004 జూన్ ఎన్నికల్లో ప్రధాని పాల్ మార్టిన్ నాయకత్వంలోని లిబరల్ పార్టీకి 308లో 135 సీట్లే వచ్చాయి. మైనారిటీ ప్రభుత్వం. ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా మాంట్రియల్ వీధులు కిక్కిరిసిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. క్యూబెక్‌లో బుష్ పేరుతో ముడిపడిన ఏ పథకమైనా ఓట్లు పోగొట్టేదే. క్యూబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ క్యూబెక్వా, జాక్ లేటన్ నడిపే న్యూ డెమొక్రాట్లు గట్టిగా వద్దన్నారు. లిబరల్ పార్టీలోనే ఒక పెద్ద వర్గం వద్దంది.

ఇక్కడే ఆగస్టు 5 వస్తుంది. 2004లో ఆ రోజు, కొత్త పార్లమెంటు ఇంకా సమావేశం కాకముందే, రెండు ప్రభుత్వాలూ నోరాడ్ ఒప్పందానికి ఒక సవరణ చేసుకున్నాయి. నోరాడ్ సేకరించే క్షిపణి హెచ్చరిక సమాచారం ఇకపై అమెరికా క్షిపణి రక్షణ కమాండ్లకు అందుతుంది. చిన్న సవరణలా కనిపిస్తుంది. నిజానికి క్షిపణి రక్షణకు కెనడా వైపు నుంచి అమెరికాకు అన్నిటికన్నా అవసరమైనది ఇదే. డబ్బు అడగలేదు, కెనడా నేల మీద ఇంటర్‌సెప్టర్లు పెడతామనీ అడగలేదు. మిగిలింది రాజకీయ మద్దతు, ఒక సంతకం.

అక్టోబరులో పార్లమెంటు మొదలైనప్పుడు ప్రతిపక్షాలు ఒక మంచి పని చేశాయి. క్షిపణి రక్షణపై ఒప్పందం ఏదైనా వస్తే, దానికి సంబంధించి బయటపెట్టగల సమాచారమంతా సభ ముందు పెట్టి, నిర్ణయానికి ముందే ఓటింగ్ జరపాలని ప్రభుత్వం చేత ఒప్పించాయి. నవంబరు 30న బుష్ ఒట్టావాకు వచ్చారు. మర్నాడు హాలిఫాక్స్‌లో బహిరంగంగానే క్షిపణి రక్షణ ప్రస్తావన తెచ్చారు. మార్టిన్‌కు అది మరింత ఇబ్బందిగా మారింది. డబ్బు పెట్టం, మా నేల మీద క్షిపణులు ఉండవు, అంతరిక్షంలో ఆయుధాలకు ఒప్పుకోం అంటూ ఆయన షరతుల జాబితా పెంచుకుంటూ పోయారు. ఈలోగా పసిఫిక్‌లో రెండు పరీక్షలు విఫలమయ్యాయి. 2004 డిసెంబరులోనూ, 2005 ఫిబ్రవరిలోనూ ఇంటర్‌సెప్టర్ అసలు సైలో, అంటే భూగర్భ గొట్టం, నుంచి బయటికే రాలేదు.

ఫిబ్రవరి 22న, వాషింగ్టన్‌కు కొత్త రాయబారిగా ఎంపికైన ఫ్రాంక్ మెకెన్నా నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పేశారు: ఆగస్టు సవరణతో మనం ఇప్పటికే అందులో భాగమయ్యాం అని. పెద్ద దుమారం లేచింది. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 24న, ప్రభుత్వం ‘చేరడం లేదు’ అని ప్రకటించింది. ఒప్పందమే లేదు కాబట్టి ఓటింగ్ జరగలేదు. మార్చిలో పార్టీ మహాసభ ఉంది, అక్కడ తిరుగుబాటు తప్పింది. ఆగస్టు సవరణ మాత్రం చెక్కుచెదరలేదు.

అమెరికా రాయబారి పాల్ సెలూచీ ఆశ్చర్యపడ్డారు. కెనడా వైపు వచ్చే క్షిపణిని ఏం చేయాలన్న నిర్ణయంలో పాలు పంచుకునే హక్కును కెనడా ఎందుకు వదులుకుంటోందన్నది ఆయన ప్రశ్న. అప్పట్లో చాలామందికి ఆ మాట బెదిరింపులా వినిపించింది. ఇవాళ చదివితే అందులో నిజముందని ఒప్పుకోక తప్పదు. సమాచారం ఇస్తున్నారు, నిర్ణయంలో కుర్చీ లేదు. సార్వభౌమత్వం పేరుతో వద్దన్నవాళ్లు కాపాడింది ఏ సార్వభౌమత్వాన్ని?

అలాగని 2005లో వద్దనడం తప్పని నేననను. పరీక్షల్లో సైలో దాటని ఆయుధానికి రాజకీయ మద్దతు ఎందుకివ్వాలి? కవచాలు పెరిగితే ఆయుధాలు పెరుగుతాయన్న వాదన కూడా ఉత్త భయం కాదని తర్వాత తేలింది. 2018 మార్చి 1న పుతిన్ కొత్త తరం ఆయుధాలను ప్రదర్శిస్తూ, 1972 ఒప్పందం నుంచి అమెరికా తప్పుకున్నందుకే ఇవన్నీ అన్నారు. రష్యాకు వేరే కారణాలు లేవని కాదు, కానీ ఆ సాకును అందించింది వాషింగ్టనే. అంతరిక్షంలో ఆయుధాల భయాన్ని 2005లో అనుకూలవాదులు కొట్టిపారేశారు. ఇరవై ఏళ్ల తర్వాత గోల్డెన్ డోమ్ గుండెకాయ అంతరిక్ష ఇంటర్‌సెప్టర్లే. ఈ విషయంలో వ్యతిరేకించినవాళ్లే సరైనవాళ్లు.

తప్పు జరిగింది వేరేచోట. సగం లోపల, సగం బయట ఉన్నామని ప్రజలకు చెప్పకపోవడం దగ్గర. ఆ తర్వాత వింతలు కూడా జరిగాయి. 2010లో లిస్బన్ నాటో సదస్సులో యూరప్‌ను కాపాడే క్షిపణి రక్షణకు కెనడా మిగతా సభ్య దేశాలతో పాటు ఒప్పుకుంది. పోలండ్‌కు కవచం కావాలి, విన్నిపెగ్‌కు వద్దు! 2014లో కెనడా సెనేట్ రక్షణ కమిటీ అమెరికాతో చేరాలని ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. ప్రభుత్వం చదివి పక్కన పెట్టింది.

ఇప్పుడు మారినదేమిటి

గోల్డెన్ డోమ్ పాత వ్యవస్థకు పెద్దన్న మాత్రమే అనుకుంటే పొరపాటు. అలాస్కా వ్యవస్థ కొద్దిపాటి క్షిపణుల కోసం. కొత్తది రష్యా, చైనాలతో సహా ఎవరు వేసినా, బాలిస్టిక్ అయినా క్రూయిజ్ అయినా హైపర్‌సోనిక్ అయినా ఆపుతుందంటున్నారు. 2025 మే 20న ట్రంప్ చెప్పిన ఖర్చు 17,500 కోట్ల డాలర్లు, గడువు సుమారు మూడేళ్లు. అదే నెలలో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం వేసిన లెక్క చూస్తే ఆ మాట ఎంత తేలికైనదో తెలుస్తుంది. ఉత్తర కొరియా లాంటి దేశం వేసే ఒకటి రెండు క్షిపణులను ఆపే అంతరిక్ష ఇంటర్‌సెప్టర్ల వరకే 20 ఏళ్లలో 16,100 కోట్ల నుంచి 54,200 కోట్ల డాలర్ల దాకా అవుతుందని ఆ కార్యాలయం అంచనా.

ఎందుకంత? క్షిపణి మండుతూ లేచే ఆ కొద్ది నిమిషాల్లోనే కొట్టాలంటే ఇంటర్‌సెప్టర్ దానికి దగ్గర్లో ఉండాలి. తక్కువ ఎత్తు కక్ష్యలోని ఉపగ్రహం ఒకచోట నిలబడదు, గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. ఏ క్షణంలోనైనా సరైన చోట ఒకటి రెండు ఉండాలంటే మొత్తం మీద వందలు, వేలు తిరుగుతూ ఉండాలి. కొన్నేళ్లకు అవి కక్ష్య నుంచి కిందికి జారి కాలిపోతాయి, మళ్లీ కొత్తవి పంపాలి. శత్రువు ఒకేచోట నుంచి పది క్షిపణులు వదిలితే ఆ లెక్క అంతకంతకూ పెరుగుతుంది. ఎదుటివాడికి ఒక క్షిపణి చేర్చుకోవడం చవక, ఆపేవాడికి దాన్ని ఆపడం ఖరీదు. సాంకేతికత ఎంత మెరుగైనా ఈ లెక్క తలకిందులవడం నాకు కనబడటం లేదు.

కాబట్టి ‘గోల్డెన్ డోమ్‌లో చేరడం’ అన్నది ఒకే నిర్ణయం కాదు. ఆర్కిటిక్ మీద చూపు పెంచే రాడార్లు వేరు, అంతరిక్షంలో ఆయుధాలు వేరు. మొదటి పని కెనడా ఎలాగూ చేస్తోంది. 2022 జూన్‌లో నోరాడ్ ఆధునికీకరణకు 20 ఏళ్లలో 3,860 కోట్ల కెనడా డాలర్లు ప్రకటించింది. 2025 మార్చిలో కార్నీ ఆస్ట్రేలియా నుంచి దిగంతం అవతలకు చూడగల రాడార్ వ్యవస్థ తెచ్చుకుంటామని, దానికి 600 కోట్ల కెనడా డాలర్లవుతుందని చెప్పారు. తక్కువ ఎత్తులో వచ్చే క్రూయిజ్ క్షిపణిని ముందే చూడటం ఏ దేశానికైనా కనీస అవసరం, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆ ఖర్చును గోల్డెన్ డోమ్ వాటాగా లెక్కకట్టమని అడిగే హక్కు కూడా కెనడాకు ఉంది. అంతరిక్ష ఆయుధాలకు డబ్బివ్వడం మాత్రం వేరే సంగతి. దానికి ఆ దేశం దశాబ్దాలుగా చెప్పుకొస్తున్న విధానమే అడ్డు.

2025 వేసవిలో రక్షణ మంత్రి డేవిడ్ మెక్‌గింటీ, గగనతల, క్షిపణి రక్షణ మీద కెనడా తనకు తాను పెట్టుకున్న ఆంక్షలన్నీ ఎత్తేశామని చెప్పారు. అంటే 2005 నాటి ‘వద్దు’ ఇక లేదు. ఆ ‘వద్దు’కూ సభలో ఓటు లేదు, దాన్ని ఎత్తేయడానికీ లేదు.

మిత్రదేశం చెప్పే ధర నిలకడగా ఉంటుందా అన్న ప్రశ్నకు దక్షిణ కొరియా అనుభవం చూడాలి. 2016లో థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థను సోంగ్జు ప్రాంతంలో పెడతామన్నారు. అక్కడివాళ్లు పసుపు పచ్చ కర్బూజాల సాగుకు పేరుపడ్డ రైతులు. వందలమంది గుండ్లు గీయించుకుని నిరసన తెలిపారు. స్థలం ఇచ్చిన లోట్టే కంపెనీ దుకాణాలను చైనా ఒక్కొక్కటిగా మూయించింది. ఒప్పందం ప్రకారం స్థలం కొరియాది, వ్యవస్థ ఖర్చు అమెరికాది. 2017 ఏప్రిల్‌లో ట్రంప్ వంద కోట్ల డాలర్లు కొరియానే కట్టాలన్నారు. కాగితం మీద స్పష్టంగా రాసి ఉంది కాబట్టి సియోల్ నిలదొక్కుకోగలిగింది. చెక్ దేశానికి ఇంకో రకం దెబ్బ తగిలింది. బ్ర్డీ అడవుల్లో అమెరికా రాడార్ కోసం అక్కడి ప్రభుత్వం మెజారిటీ ప్రజల ఇష్టానికి ఎదురెళ్లి 2008 జులైలో సంతకం చేసింది. 2009 సెప్టెంబరు 17న ఒబామా ఆ పథకాన్నే రద్దు చేశారు.

మనదేశం వేరే దారి ఎంచుకుంది. 2001 మేలో బుష్ క్షిపణి రక్షణ ప్రసంగం చేయగానే స్వాగతించిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. అప్పుడు విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్. 2004 జనవరిలో రెండు దేశాలూ ప్రకటించిన వ్యూహాత్మక భాగస్వామ్యంలో క్షిపణి రక్షణపై చర్చలు కూడా ఉన్నాయి. అయినా ఢిల్లీ ఎవరి కవచం కిందికీ వెళ్లలేదు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలలు ముందుండి తయారు చేసిన ఇంటర్‌సెప్టర్‌ను 2006 నవంబరులో ఒడిశా తీరంలో మొదటిసారి పరీక్షించారు. 2018 అక్టోబరులో 543 కోట్ల డాలర్లకు రష్యా నుంచి ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థ కొన్నారు. 2025 ఆగస్టు 15న ప్రధాని మోదీ ఎర్రకోట మీద నుంచి ‘సుదర్శన చక్ర’ రక్షణ కవచ పథకం ప్రకటించారు, 2035 గడువుగా. కొనడానికీ ఒక మూల్యం ఉంటుంది. అదే ఎస్-400 కొన్న తుర్కియేను అమెరికా ఎఫ్-35 విమాన కార్యక్రమం నుంచి తప్పించింది. కానీ కొన్నదాని మీట మన అధికారి చేతిలోనే ఉంటుంది. కెనడాకు ఆ దారి లేదు. అమెరికా పొరుగున, అదే దారిలో వచ్చే క్షిపణి కింద ఉన్న దేశం విడిగా కవచం కట్టుకుంటానంటే భూగోళం ఒప్పుకోదు. వాంకూవర్‌కు సియాటిల్ సుమారు 200 కిలోమీటర్లు. విండ్సర్‌కు, డెట్రాయిట్‌కు మధ్య ఒక్క నది.

అందుకే కెనడా చివరికి ఏదో ఒక రూపంలో చేరుతుందని నేననుకుంటున్నాను. చేరితే ఒప్పందంలో ఏముందో చూడాలి. విన్నిపెగ్ వైపు వచ్చే క్షిపణిని ఆపాల్సిన బాధ్యత అందులో రాసి ఉందా? ఆ నిర్ణయం తీసుకునే గదిలో కెనడా అధికారి ఉంటాడా, ఉంటే అతని మాటకు విలువెంత? ఇచ్చే డబ్బు ఆర్కిటిక్ రాడార్లకు పోతుందా, అంతరిక్ష ఆయుధాలకు పోతుందా? తర్వాతి అధ్యక్షుడు పథకాన్ని సగంలో ఆపేస్తే ఆ డబ్బు గతేమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు మంత్రుల మాటల్లో కాక ఒప్పందం వాక్యాల్లో ఉండాలి, ఆ వాక్యాలు సంతకానికి ముందే సభ ముందుకు రావాలి.

దీనికి అక్కడ దారి లేకపోలేదు. 2006 మేలో నోరాడ్ ఒప్పందాన్ని శాశ్వతం చేసినప్పుడు పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో ఓటింగ్ పెట్టారు. అనుకూలంగా 257, వ్యతిరేకంగా 30. గోల్డెన్ డోమ్ పత్రం వచ్చిన రోజున కూడా అలాగే సభ్యులు ఒక్కొక్కరుగా లేచి తమ ఓటు చెప్పాలని కెనడా పౌరులు, వాళ్లలో మన తెలుగువాళ్లు, తమ ఎంపీని ఇప్పుడే అడగాలి.